కనెక్ట్ అయిందంటాది, పేజీ మాత్రం రాదు

2025 సెప్టెంబర్ 30తో అమెరికాలో ఏఓఎల్ కంపెనీ డయలప్ సేవ, అంటే ఫోను లైను మీద నంబరు డయల్ చేసి నెట్‌కి తగులుకునే పద్ధతి, ఆగిపోయింది. వార్త చిన్నదే, చాలామంది "అదింకా నడుస్తోందా" అనుకుని వదిలేశారు. నేను మాత్రం దాని పుణ్యమా అని ఎన్నాళ్ళనుంచో వాయిదా వేస్తున్న ఈ పోస్టు రాయడానికి కూర్చున్నాను. విషయం లైనక్స్‌లో, అంటే విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టంలో, డయలప్ ఇంటర్నెట్. ఇప్పుడెవరికి పనికొస్తుంది అంటారేమో, మీ ఇంట్లో గోడకి తగిలించిన ఫైబర్ రౌటర్ దాకా వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

2003, 2004 ప్రాంతాల్లో మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో లైనక్స్ మీద మోజుపడ్డ కుర్రాళ్ళు తక్కువేం కాదు. పీసీ క్వెస్ట్ పత్రికతోనో, 2003లోనే మొదలైన లైనక్స్ ఫర్ యూ పత్రికతోనో సీడీలు వచ్చేవి, ఒకడు కొంటే మిగతావాళ్ళందరూ కాపీ చేసుకునేవాళ్ళు. అలా కాపీ చేసుకోవడం తప్పు కాదు, పంచుకోమనే లైసెన్సే అది అని తెలిసినప్పుడు ఎంత సంబరపడ్డానో! నెట్‌లోంచి దించుకునే మాటే లేదు, సెకనుకి 5 కేబీ వస్తే పండగ, ఆ లెక్కన 650 ఎంబీ సీడీ ఒక్కటి దిగాలంటే దాదాపు 37 గంటలు లైను తెగకుండా ఉండాలి, రెడ్ హ్యాట్ 9 అనే లైనక్స్ రకానికి అలాంటి సీడీలు మూడు. అంత కష్టపడి, పార్టిషన్లు చేసుకుని, డేటా పోతుందేమోనని భయపడుతూ ఎక్కించుకున్నవాళ్ళలో చాలామంది వారం తిరక్కుండా మళ్ళీ విండోస్‌కి వెళ్ళిపోయేవాళ్ళు. ఎందుకురా అంటే ఒకటే మాట, "అందులో నెట్ రాదు".

ఆ మాట నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. నెట్ రాకపోతే ఎందుకు రాలేదో, సరిగ్గా ఏ మెట్టు దగ్గర ఆగిందో లైనక్స్ పూసగుచ్చినట్టు చెప్పేది. విండోస్‌లో అయితే ఒక నంబరు వచ్చేది. 680 అంటే డయల్ టోన్ లేదు, 678 అంటే అవతలివాడు పలకలేదు, 691 అంటే యూజర్‌నేమో పాస్‌వర్డో తప్పు. నంబరు చూపించి ఓకే నొక్కమంటుంది, అంతే. లైనక్స్ మాత్రం ఎవరు ఏమన్నారో, దానికి ఎవరు ఏం జవాబిచ్చారో మొత్తం లాగ్‌లో రాసిపెట్టేది. ఆ లాగ్ చదవాలని మాత్రం మా వైపు ఏ ఇన్‌స్టిట్యూట్లోనూ చెప్పలేదు.

ముందు మోడెమ్ సంగతి, అంటే కంప్యూటర్ని ఫోను లైనుకి కలిపే పెట్టె లేదా కార్డు. అసలు గొడవలో ముప్పాతిక వంతు ఇక్కడే. అప్పట్లో అసెంబుల్డ్ సిస్టంలో పెట్టి ఇచ్చే పీసీఐ కార్డు నిజానికి సగం మోడెమే. ఫోను లైనుకి తగులుకునే భాగం మాత్రం కార్డు మీద ఉంటుంది, శబ్దాన్ని అంకెలుగా, అంకెల్ని శబ్దంగా మార్చే అసలు పని కంప్యూటర్ ప్రాసెసర్ చేత విండోస్ డ్రైవర్ చేయిస్తుంది. అందుకే దాన్ని విన్‌మోడెమ్ అన్నారు. తయారీ ఖర్చు తగ్గుతుంది, కానీ ఆ డ్రైవర్ లేని చోట అది ఉత్త రేకు ముక్క. ఎల్‌ఎస్‌పీసీఐ అనే కమాండ్ కొడితే చిప్ పేరు వస్తుంది. లూసెంట్ అయితే అదృష్టం, ఎల్‌టీ మోడెమ్ డ్రైవర్ కంపైల్ చేసుకుంటే పలికేది. కోనెక్సాంట్, స్మార్ట్ లింక్ లాంటివాటికీ డ్రైవర్లు ఉండేవి కానీ అందులో కొంత భాగం సోర్సు లేకుండా ముద్దగా ఇచ్చేవాళ్ళు, కెర్నల్, అంటే లైనక్స్ గుండెకాయ, మారితే మళ్ళీ మొదటికొచ్చేది. కొన్నిటికి అదీ లేదు. లిన్‌మోడెమ్స్ అని ఒక సైటు నడిపేవాళ్ళు, స్కాన్‌మోడెమ్ అనే స్క్రిప్టు ఇచ్చేవాళ్ళు, దాన్ని నడిపితే మీ కార్డు దారిలోకి వచ్చేదో రానిదో చెప్పేసేది. జీతం బత్తెం లేకుండా, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మోడెముల కోసం అంత పని చేసిన ఆ మనుషులకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

నన్నడిగితే అప్పటికీ ఇప్పటికీ ఒకటే సలహా, సీరియల్ పోర్టుకి తగిలించే ఎక్స్‌టర్నల్ మోడెమ్. ధర ఎక్కువే, కానీ డ్రైవరే అక్కర్లేదు, విండోస్‌లో కామ్1 అనే పోర్టుకి లైనక్స్‌లో పేరు టీటీవైఎస్0, కామ్2కి టీటీవైఎస్1, అంతే సంగతి. పైగా దానికి ముందు వరసగా చిన్న ఎర్ర లైట్లుంటాయి. టీఆర్ వెలిగితే కంప్యూటర్ సిద్ధంగా ఉందని, ఓహెచ్ వెలిగితే మోడెమ్ ఫోను ఎత్తిందని, సీడీ వెలిగితే అవతలి మోడెమ్ కూత అందిందని, ఆర్‌డీ, ఎస్‌డీ మినుకుమినుకుమంటే డేటా వస్తోంది, పోతోంది అని. స్క్రీన్ ఆపేసి ఆ లైట్లు మాత్రం చూస్తూ కనెక్షన్ ఎక్కడిదాకా వెళ్ళిందో చెప్పొచ్చు. పేజీ రాట్లేదు అన్నప్పుడు సీడీ వెలుగుతూ ఆర్‌డీ అస్సలు కదలకపోతే అది ఒక జబ్బు, సీడీయే ఆరిపోతే అది వేరే జబ్బు, రెండిటికీ మందు ఒకటి కాదు.

మోడెమ్ పలుకుతోందో లేదో తెలుసుకోడానికి మినికామ్ అనే ప్రోగ్రామ్ తెరిచి ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఓకే అని వస్తే మోడెమ్ బతికే ఉంది, పోర్టు సరైనదే. ఏమీ రాకపోతే పోర్టు తప్పు, లేదా కేబుల్. పోర్టు బిజీ అంటే ఇంకో ప్రోగ్రామ్ పట్టుకుని కూర్చుందని, వార్ లాక్ డైరెక్టరీలో దాని తాళం ఫైలు కనిపిస్తుంది, కరెంటు పోయి సిస్టం మధ్యలో ఆగిపోయిన మర్నాడు ఇది తరచు తగిలేది. రూట్‌గా, అంటే అడ్మిన్‌గా, పనిచేసి మామూలు యూజర్‌గా పనిచేయకపోతే ఆ యూజర్‌ని పోర్టు ఏ గ్రూపుదో ఆ గ్రూపులో చేర్చాలి, డెబియన్‌లో అయితే అది డయలౌట్. ఇవి నిమిషాల్లో తేలిపోతాయి.

అసలైన చోద్యం దీని తర్వాత. ఫోనెత్తితే మన చెవికి డయల్ టోన్ చక్కగా వినిపిస్తుంది, అదే లైను మోడెమ్‌కి ఇస్తే నో డయల్‌టోన్ అంటుంది. మా వైపు ఇది ఎంతమందిని ఏడిపించిందో! కారణం ఇది. అమెరికాలో డయల్ టోన్ అంటే 350, 440 హెర్ట్జ్ శబ్దాలు రెండూ కలిసి మోగడం. మన దేశంలో అలా కాదు, 400 హెర్ట్జ్ శబ్దాన్ని 25 హెర్ట్జ్‌తో కొద్దిగా వణికిస్తారు. మీరు ల్యాండ్‌లైన్ రిసీవర్ ఎత్తి జాగ్రత్తగా వింటే ఆ వణుకు తెలుస్తుంది. అమెరికా అలవాటుతో తయారైన మోడెమ్ తనకి తెలిసిన టోన్ కోసం వెతుక్కుంటుంది, దొరకదు, లైనే లేదంటుంది. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్లో ఇండియా అని ఎంచుకున్నప్పుడు ఆ సర్దుబాటు లోపల జరిగిపోతుంది, లైనక్స్‌లో మనమే చెప్పాలి. డయల్ చేసిపెట్టే డబ్ల్యూవీడయల్ ప్రోగ్రామ్ కాన్ఫ్ ఫైల్లో, మోడెమ్‌కి మొదట పంపే ఇనిట్ వరసలో ఏటీఎక్స్3 అని చేరిస్తే డయల్ టోన్ కోసం చూడకుండా నేరుగా డయల్ చేస్తుంది, అవతల ఎంగేజ్ ఉంటే మాత్రం గుర్తుపడుతుంది. ఇంకాస్త పద్ధతిగా చేయాలంటే దేశం కోడ్ ఇచ్చే కమాండ్ ఉంది, ఏటీ ప్లస్ జీసీఐ ఈక్వల్స్ 53, ఆ 53 మన దేశానిది. అన్ని మోడెములూ దీన్ని ఒప్పుకోవు, ఏటీఎక్స్3ని మాత్రం నాకు తగిలినవన్నీ ఒప్పుకున్నాయి. పాత పల్స్ లైనయితే డయల్ కమాండ్‌లో డీటీ బదులు డీపీ.

మా బావ అప్పట్లో చీపురుపల్లిలో నెట్ సెంటర్ నడిపేవాడు. ఒకటే ఫోను లైను, ఒక లైనక్స్ బాక్సు, దానికి హబ్ ద్వారా విండోస్ 98 సిస్టంలు. లైనక్స్ పెట్టింది నేనే, అంచేత ఏది ఆగినా ఫోను నాకే వచ్చేది, విజయనగరం కాంప్లెక్సులో బస్సెక్కేసేవాణ్ణి. అక్కడ చూసినన్ని రకాల జబ్బులు ఇంకెక్కడా చూడలేదు.

వానాకాలం మొదలవగానే లైను గరగర. కనెక్ట్ అవుతుంది, పది నిమిషాలకి తెగిపోతుంది, లాగ్‌లో మోడెమ్ హ్యాంగప్ అని, కనెక్షన్ నడిపే పీపీపీడీ ప్రోగ్రామ్ 16వ నంబరు కోడ్‌తో ఆగిపోయిందని ఉంటుంది. 16 అంటే ఇవతల సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు, మోడెమే లైను వదిలేసిందని. లైన్‌మన్ వచ్చాడు, పెద్దాయన, రిసీవర్ ఎత్తి ఎవరితోనో మాట్లాడి "మాట బాగానే వినపడతంది కద బాబూ, లైను తప్పేటీ లేదు" అన్నాడు. ఆయన అన్నదీ నిజమే, మాటకి ఆ లైను సరిపోతుంది. మనిషి మాట మధ్యలో కాస్త గరగర వచ్చినా మన చెవి సర్దుకుంటుంది, మోడెమ్‌కి ఆ సౌకర్యం లేదు, ఆ గరగరలో దాని డేటా కొట్టుకుపోతుంది. "బాబాయ్, ఒక్కసారి ఇలా వినండి" అని ఆయన చేత రిసీవర్ ఎత్తించి ఏదో ఒక అంకె నొక్కించాను. అంకె నొక్కగానే డయల్ టోన్ ఆగిపోయి లైను నిశ్శబ్దంగా అయిపోతుంది, ఆ నిశ్శబ్దంలో ఏముందో అదే మీ లైను. సన్నగా వేగుతున్నట్టు చిటపటలు. ఆయన మొహం మారింది. గోడ మీదున్న రోజెట్ బాక్స్ మూత విప్పితే స్క్రూ కింద రాగి తీగంతా పచ్చగా చిలుము పట్టి ఉంది, కొరుకుడు పడ్డ చోట ఒక్క పోగు మీద నిలబడింది. ఆ ముక్క కత్తిరించి, కొత్త తీగ చెక్కి బిగించి, బయట స్తంభం మీద తీగలు పంచే డీపీ బాక్సులో జాయింటు కూడా విప్పి తుడిచి మళ్ళీ కట్టాడు. చేతిలో పని ఉన్న మనిషి, అసలు జబ్బు వినిపించాక ఇంకేం అడగలేదు. ఆ రోజు నుంచి గంటలు గంటలు లైను నిలబడింది.

లైను మన చేతిలో లేనప్పుడు మోడెమ్‌ని మెత్తబరచొచ్చు. 56కే అని డబ్బా మీద రాస్తారు కానీ ఆ వేగం, దాని ప్రమాణం పేరు వీ.90, రావాలంటే ఎక్స్ఛేంజీ నుంచి మన ఇంటిదాకా ఉన్న రాగి తీగ ముక్క తప్ప మిగతా దారంతా డిజిటల్ అయ్యుండాలి, అదీ దిగుమతికే, మనం పంపేది 33.6కే దాటదు. చెడ్డ లైను మీద ఆ పై వేగానికి పాకులాడి మాటిమాటికీ తెగేకంటే ప్లస్ ఎంఎస్ కమాండ్‌తో దానికంటే పాత ప్రమాణమైన వీ.34కి దింపేసుకుని 33.6 లోపల కుదురుగా ఉండటం మేలు. ఎస్10 రిజిస్టర్ ఇంకోటి. అవతలి కూత క్షణంపాటు మాయమైతే ఎంతసేపు ఆగి లైను పెట్టేయాలో అందులో ఉంటుంది, మామూలుగా 14, అంటే 1.4 సెకన్లు. దాన్ని 50 చేస్తే చిన్న చిన్న అంతరాయాలకి తెగదు. కాల్ వెయిటింగ్ మాత్రం ఆపించేసుకోండి, ఆ బీప్‌తో పోయిన డౌన్‌లోడ్లకి లెక్కే లేదు. ఇంట్లో ఇంకో గదిలో ప్యారలల్ ఫోనుంటే దాన్నీ పీకేయండి. అన్నట్టు, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుము వినపడగానే ముందు మోడెమ్‌కున్న ఫోను వైరు లాగేయాలి. కరెంటు ప్లగ్గు ఒక్కటే పీకితే చాలదు, పిడుగు ఫోను తీగలోంచి కూడా వస్తుంది.

ఇంకో చిన్న విషయం. కనెక్ట్ 115200 అని చూసి మా నెట్ 115 కేబీపీఎస్ అని సంబరపడేవాళ్ళు ఉండేవాళ్ళు. అది కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్యనున్న కేబుల్ వేగం, లైను వేగం కాదు. చాలా మోడెముల్లో ఏటీడబ్ల్యూ2 పెడితే అసలు వేగం చెబుతుంది.

సరే, మోడెములు రెండూ కూసుకున్నాయి, కనెక్ట్ అయింది. ఇక్కణ్ణుంచి పీపీపీడీ రంగంలోకి వస్తుంది. పీపీపీ అంటే పాయింట్ టు పాయింట్ ప్రోటోకాల్, 1994లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1661లో ఉంది దాని వివరం. ఇది అచ్చం సంతలో బేరం. ముందు ఎల్‌సీపీ, నేను ఇంత సైజు పాకెట్, అంటే డేటా మూట, తీసుకుంటాను, నువ్వొప్పుకుంటావా అని ఒకరినొకరు అడుగుతారు. తర్వాత నువ్వెవరో రుజువు చూపించమని అవతలివాడు అంటాడు, ఆ రుజువు అడిగే పద్ధతి పాప్ గానీ చాప్ గానీ. ఆఖర్న ఐపీసీపీ, ఇదిగో నీ ఐపీ అడ్రసు అని ఇస్తాడు. పీపీపీడీ ఆప్షన్స్ ఫైల్లో డీబగ్ అని ఒక్క మాట చేర్చి, ఇంకో కిటికీలో టెయిల్ మైనస్ ఎఫ్ పెట్టి సిస్టం లాగ్ చూస్తూ కూర్చుంటే ఈ బేరం మొత్తం కళ్ళముందు నడుస్తుంది. సెంట్ అని మనం పంపింది, రిసీవ్డ్ అని వాడు పంపింది. పాస్‌వర్డ్ ఉండాల్సిన చోట హిడెన్ అని చూపిస్తుంది కాబట్టి లాగ్ ఎవరికైనా పంపి సలహా అడగాలన్నా టెన్షన్ లేదు.

సెంట్ సెంట్ సెంట్ అని మనదే వస్తూ ఒక్క జవాబూ లేకుండా చివరికి ఎల్‌సీపీ టైమవుట్ అంటే, అవతల ఇంకా పీపీపీ మొదలవ్వలేదని అర్థం. కొన్ని సర్వర్లు ముందు లాగిన్ అని అక్షరాల్లో అడిగి, పేరూ పాస్‌వర్డూ టైపు చేశాకే పీపీపీ మొదలుపెట్టేవి, కొన్ని నేరుగా పీపీపీతోనే వచ్చేవి. డబ్ల్యూవీడయల్ దాన్ని ఊహించడానికి చూస్తుంది, ఒక్కోసారి రాని లాగిన్ కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. అప్పుడు దాని కాన్ఫ్ ఫైల్లో స్టుపిడ్ మోడ్ ఈక్వల్స్ యెస్ అని రాస్తే ఊహలు మానేసి కనెక్ట్ అవగానే పీపీపీడీని పిలిచేస్తుంది. దానికి తిరగబడిన జబ్బు సీరియల్ లైన్ ఈజ్ లూప్డ్ బ్యాక్. మనం పంపిందే మనకి తిరిగొస్తోందని, అంటే అవతల సర్వర్ ఇంకా లాగిన్ దగ్గరే ఉండి మన అక్షరాల్ని మనకే అచ్చేసి చూపిస్తోందని. కోడ్ 17 వస్తే ఇదే. 19 వస్తే పేరో పాస్‌వర్డో, పాప్ సీక్రెట్స్ ఫైల్లో చూడండి, ముందు వెనకల స్పేసులు కూడా. ఇంకొకటి కొత్తవాళ్ళని తెగ భయపెట్టేది, అవతలి సిస్టం తనని తాను రుజువు చేసుకోవాలి కానీ దానికి తగిన రహస్యం నా దగ్గర లేదు అనే సందేశం. ఇందులో అవతలివాడి తప్పేం లేదు, మన పీపీపీడీయే వాణ్ణి పాస్‌వర్డ్ అడుగుతోంది. నోఆథ్ అని చేర్చితే అడగడం మానేస్తుంది.

ఇంటర్ రిజల్ట్స్‌కి రెండు రోజుల ముందు బావ ఫోను చేశాడు. "ఏటోరా, కనెక్ట్ అయిందంటాది, ఒక్క పేజీ రాదు. బిల్లు మాత్రం తిరుగుతానే ఉంటాది." నేను "బావా, లోకల్ ఐపీ అడ్రస్ అని లాగ్‌లో ఉందా" అన్నాను. ఉందన్నాడు. రిమోట్ ఐపీ, అంటే అవతలి సర్వర్ అడ్రసు, ఉందా, దాన్ని పింగ్ చెయ్యి, అంటే పలుకుతోందో లేదో చూడు అన్నాను. చేశాడు, జవాబొచ్చింది. దాన్ని దాటి బయట ఏ ఐపీని పింగ్ చేసినా చేరలేను అంటోంది. ఇంకేముంది, దారి తప్పు. లైను బాగుంది, మోడెమ్ బాగుంది, బేరం కుదిరింది, అడ్రసు వచ్చింది, కానీ పాకెట్లు డయలప్ దారైన పీపీపీ0 వైపు కాకుండా ఇంకెటో పోతున్నాయి. దారులు చూపించే రూట్ మైనస్ ఎన్ కమాండ్ కొట్టించాను, ఇది దారి అనే రూట్, అడ్మిన్ రూట్ కాదు. డిఫాల్ట్ రూట్ ఈథర్‌నెట్ కార్డు మీద ఉంది, 192.168 అడ్రసు వైపు. సెంటర్లో పనిచేసే కుర్రాడు నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో గేట్‌వే గడి ఖాళీగా ఉందని ఏదో ఒక అడ్రసు నింపాడు. డిఫాల్ట్ రూట్ ఒకటి ముందే ఉంటే పీపీపీడీ దాన్ని తీసేయదు, నాట్ రీప్లేసింగ్ ఎగ్జిస్టింగ్ డిఫాల్ట్ రూట్ అని లాగ్‌లో రాసి ఊరుకుంటుంది. అది పద్ధతైన పనే, ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్న మెషీన్ దారిని డయలప్ అడగకుండా మార్చేస్తే ఇంకా పెద్ద గొడవ. రెడ్ హ్యాట్‌లో సిస్‌కాన్ఫిగ్ నెట్‌వర్క్ ఫైల్లో గేట్‌వే వరస తీసేయించి, మళ్ళీ డయల్ చేయమన్నాను. పేజీ వచ్చింది. ఇదంతా ఫోనులోనే, బస్సెక్కకుండా, నేను స్క్రీన్ చూడకుండా. కనెక్షన్ లైను ఒకటి, మాట్లాడే లైను పక్క ఎస్టీడీ బూతుది.

అప్పుడప్పుడు రూట్ సరిగ్గా ఉన్నా పేజీ రాదు, ఐపీకి పింగ్ వెళ్తుంది, పేరుకి వెళ్ళదు. అది డీఎన్‌ఎస్, పేర్లని ఐపీ అడ్రసులుగా మార్చే ఏర్పాటు. యూజ్‌పీర్‌డీఎన్‌ఎస్ అని పెడితే సర్వర్ ఇచ్చిన అడ్రసులు వస్తాయి, రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌లో చేరాయో లేదో చూసుకోవాలి, అంతే.

రిజల్ట్స్ రోజు సంగతి చెప్పకపోతే ఈ పోస్టుకి అర్థం లేదు. చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ళనుంచి పిల్లలు, వాళ్ళ నాన్నలు, హాల్ టికెట్ నంబర్లు చేతి మీద పెన్నుతో రాసుకుని పొద్దున్నే వచ్చేసేవాళ్ళు. ఉన్నది ఒకటే లైను. లైనక్స్ బాక్సులో ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చేసి, ఐపీటేబుల్స్‌లో పీపీపీ0 మీద మాస్కరేడ్ అని ఒక్క వరస రాస్తే ఆ ఒక్క కనెక్షన్ మీద సిస్టంలన్నీ బయటికి వెళ్ళేవి. పైన స్క్విడ్ అనే ప్రోగ్రామ్ పెట్టాను, ఎవరో ఒకరు ఒకసారి తెరిచిన పేజీ బొమ్మలు డిస్కులో దాచుకుని మిగతావాళ్ళకి అక్కణ్ణుంచే ఇస్తుంది. మార్కుల పేజీ మాత్రం ఎవరిది వాళ్ళకే, అది దాచడం కుదరదు, కానీ ఆ పేజీకి ముందూ వెనకా ఉండే బ్యానర్లూ లోగోలే అసలు బరువు. బ్రౌజర్లో బొమ్మలు ఆపేస్తే ఇంకా తేలిక. రెండు మూడు కేబీల పేజీలో ఒక పిల్ల ఏడాది చదువు వచ్చేసేది. ఆ వేళ ఆ బాక్సు ఒక్కసారి కూడా రీస్టార్ట్ అడగలేదు. ఊరి పిల్లలందరూ లైనక్స్ మీదుగానే మార్కులు చూసుకున్నారు, ఆ పేరైనా తెలియకుండా. నాకు చాలా గర్వంగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

అదే బాక్సుకి డిమాండ్ అని, ఐడిల్ 300 అని పెట్టాం, ఎవరైనా పేజీ అడిగితేనే డయల్ చేసి, ఐదు నిమిషాలు ఎవరూ వాడకపోతే లైను పెట్టేయాలని. అనుకున్నట్టే పనిచేసింది, కానీ అందరూ ఖాళీగా కూర్చున్నప్పుడు కూడా మోడెమ్ దానంతటదే డయల్ చేస్తోంది, బిల్లు చూసి బావ గుండె ఆగినంత పనైంది. ఈథర్‌నెట్ మీద వచ్చిపోయే పాకెట్లని చూపించే టీసీపీడంప్ పెట్టి చూస్తే దొంగ దొరికాడు. విండోస్ సిస్టంలు నెట్‌బయోస్ పేర్ల కోసం 137 పోర్టు మీద ఊరికే బయటికి అడుగుతూ ఉంటాయి, లైనక్స్ బాక్సు పాపం ఎవరికో నెట్ కావాలేమో అని లైను కలుపుతోంది. 137 నుంచి 139 దాకా బయటికి పోకుండా ఐపీటేబుల్స్‌లో ఆపేస్తే డయల్ చేయడం ఆగింది. దాంతో పాటు ఎల్‌సీపీ ఎకో కూడా పెట్టాం. అర నిమిషానికోసారి అవతలివాణ్ణి ఉన్నావా అని అడుగుతుంది, నాలుగు సార్లు పలకకపోతే లైను చచ్చిందని తనే కోసేస్తుంది. లేకపోతే చచ్చిన లైనుకి బిల్లు కట్టాలి.

డయలప్ పోయి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది, పీపీపీడీ మాత్రం పోలేదు. యూఎస్‌బీ డాంగిల్ వచ్చినప్పుడు అదే డబ్ల్యూవీడయల్, ఫోన్ నంబరు స్థానంలో స్టార్ 99 హ్యాష్. డాంగిల్ మొదట సీడీ డ్రైవ్‌లా కనిపిస్తే యూఎస్‌బీ మోడ్‌స్విచ్‌తో మోడెమ్‌గా మార్చుకోవాలి, ఆ పైన అదే బేరం, అవే లాగ్ వరసలు. ఇవాళ మా విజయనగరంలో ఇంటింటికీ ఉన్న ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి లోపల ఉన్నది పీపీపీఓఈ, అంటే అదే పీపీపీ, ఫోను తీగ బదులు ఈథర్‌నెట్ మీద. అందులో ఎనిమిది బైట్లు దాని ఖర్చుకే పోతాయి కాబట్టి పాకెట్ సైజు 1500 కాదు, 1492. కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని మాత్రం తిరుగుతూ తిరుగుతూ ఉండిపోతే, మీరు సొంతంగా లైనక్స్ రౌటర్ పెట్టుకునుంటే, ముందు ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్, అంటే పాకెట్లు ఆ సైజు దాటకుండా కుదించే ఏర్పాటు, ఉందో లేదో చూడండి.

రౌటర్ మీద ఎల్‌ఓఎస్ అనే లైటు ఎర్రగా మిణుకుతుంటే అది ఫైబర్ తెగడమో వంగడమో, పాస్‌వర్డ్ మార్చి లాభం లేదు, మనిషి రావాల్సిందే. ఎల్‌ఓఎస్ ఆరిపోయి ఉండి నెట్ రాకపోతే బ్రౌజర్లో రౌటర్ పేజీ తెరిచి సిస్టం లాగ్ చూడండి. పాడీ (పీఏడీఐ, సర్వర్ కోసం వేసే మొదటి కేక) అనే మాట పదేపదే వచ్చి జవాబు లేకపోతే అవతలి సర్వర్ మీ కేక వినట్లేదు, వీల్యాన్ నంబరు, అంటే కంపెనీ మీ కనెక్షన్‌కి ఇచ్చే లోపలి నంబరు, మారిందేమో అడగండి. పాప్ గానీ చాప్ గానీ ఫెయిల్ అని ఉంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, లేదా కట్టని బిల్లు. ఐపీ వచ్చి పేజీ రాకపోతే డీఎన్‌ఎస్ మార్చి చూడండి. కంప్లయింట్ రాయించేటప్పుడు "నెట్ రావట్లేదు" అని మాత్రం చెప్పకుండా ఆ లాగ్ వరస చదివి వినిపించండి.